అంబాసిడర్ 1489 సీసీ పెట్రోలు ఇంజన్‌కు రోడ్డు వాడకానికి తగిన క్యామ్‌షాఫ్ట్: ఎంతవరకు వెళ్లవచ్చు?

గంటస్తంభం నీడ, విజయనగరం:

సభ్యులకు నమస్కారం. మా నాన్నగారు వాడిన పెట్రోలు అంబాసిడర్‌ను ఇప్పటికీ నేను నడుపుతున్నాను. టైమింగ్ చైన్ చప్పుడు పెరగడం, రెండు సిలిండర్లలో కంప్రెషన్ పడిపోవడం వల్ల ఈ వేసవిలో ఇంజన్ దించక తప్పడం లేదు. ఎలాగూ విప్పుతున్నాము కనుక, కంపెనీ క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచి మూసే ఇరుసు) స్థానంలో కొద్దిగా చురుకైనది వేయించుకోవాలని ఆలోచన. రేసు బళ్లకు పనిచేసే ఒక పరిచయస్తుడు తన దగ్గర 280 డిగ్రీల క్యామ్ (క్రాంకు అన్ని డిగ్రీలు తిరిగేంతసేపు వాల్వును తెరిచి ఉంచేది) సిద్ధంగా ఉందని, దానిని మా ఇంజన్‌కు అమర్చి ఇస్తానని చెబుతున్నాడు.

బండి వాడకం ఇలా ఉంటుంది. తరచుగా నాతవలస దగ్గర జాతీయ రహదారి ఎక్కి పూసపాటిరేగ, రణస్థలం మీదుగా శ్రీకాకుళం వెళ్లి వస్తాను. అప్పుడప్పుడు కుటుంబంతో సాలూరు ఘాటు ఎక్కి కోరాపుట్ వైపు వెళతాము. ఊళ్లో మూడు లాంతర్ల దగ్గర, గంటస్తంభం దగ్గర మొదటి గేరులో పాకడం ఎలాగూ ఉన్నదే. ఒకే ఎస్‌యూ కార్బురేటర్, పాయింట్ల ఇగ్నిషన్, కంపెనీ సైలెన్సరు ఇంకా అలాగే ఉన్నాయి. నాకు పందేలు అక్కర్లేదు. నలుగురు కూర్చుని సామాను వేసుకున్నప్పుడు లారీని దాటడానికి కాస్త ఊపు, 80 దగ్గర ఇంజన్ ఆయాసపడకపోవడం, ఈ రెండూ ఉంటే చాలు. ఐడ్లింగ్ మాత్రం పాడవకూడదు. 280 తీసుకోవచ్చా?

సాలూరు ఘాటు, సాలూరు:

తీసుకోవద్దని నా సలహా. మీరు చెప్పిన వాడకంలో ఇంజన్ ఏ ఆర్‌పీఎం దగ్గర ఎక్కువసేపు గడుపుతుందో ముందు చూడండి. అంబాసిడర్ నాలుగో గేరులో 60, 70 వేగంతో వెళుతున్నప్పుడు ఇంజన్ దాదాపు 2,500 ప్రాంతంలో తిరుగుతుంది. ఘాటులో సుంకి వైపు మలుపులు ఎక్కుతున్నప్పుడు రెండో గేరులోనో మూడో గేరులోనో 1,800 నుంచి 3,000 మధ్య ఉంటారు. 280 డిగ్రీల క్యామ్ నిజంగా పనిచేయడం మొదలుపెట్టేది అంతకు చాలా పైన. మూడు బేరింగుల క్రాంకు ఉన్న ఈ పాత ఇంజన్‌ను అంత వేగంతో గంటల తరబడి తిప్పాలని మీరే కోరుకోరు. అంటే లాభం మీరు వెళ్లని చోట, నష్టం మీరు రోజూ ఉండే చోట.

మరొక మాట. 280 అన్న అంకె ఒక్కటే క్యామ్ గురించి ఏమీ చెప్పదు. వాల్వు ఎంత ఎత్తు లేచినప్పటి నుంచి కొలిచారో తెలియాలి. కొందరు తయారీదారులు వాల్వు కదలడం మొదలైన క్షణం నుంచి లెక్కిస్తారు. అమెరికా పద్ధతిలో ట్యాపెట్ (క్యామ్ మీద ఆని దానితోపాటు లేచే భాగం) 0.050 అంగుళం, అంటే 1.27 మి.మీ. లేచిన తరువాత మాత్రమే లెక్కిస్తారు. ఒకే క్యామ్‌కు ఈ రెండు పద్ధతుల్లో వచ్చే అంకెల మధ్య 40 డిగ్రీలకు పైగా తేడా ఉండవచ్చు. మీ పరిచయస్తుడిని నాలుగు అంకెలు అడగండి: ఇన్లెట్ (మిశ్రమాన్ని లోపలికి పంపే వాల్వు) ఎప్పుడు తెరుచుకుంటుంది, ఎప్పుడు మూసుకుంటుంది, ఎగ్జాస్ట్ (కాలిన పొగను బయటికి పంపే వాల్వు) ఎప్పుడు తెరుచుకుంటుంది, ఎప్పుడు మూసుకుంటుంది. అవి చెప్పలేని వారి దగ్గర క్యామ్ కొనడం మంచిది కాదు.

ఏడురోడ్ల కుర్రాడు, శ్రీకాకుళం:

పెద్దలు అన్యథా భావించవద్దు. నా ఎస్టీమ్‌లో 270 డిగ్రీల క్యామ్ వేయించాను. ఐడ్లింగ్‌లో చిన్న వణుకు తప్ప ఇబ్బంది లేదు. 3,500 దాటాక బండి స్వభావమే మారిపోతుంది, ఆ శబ్దం కూడా వినడానికి బాగుంటుంది. అంబాసిడర్‌కు మాత్రం ఎందుకు పనికిరాదు? అంత భయపడితే ఎప్పటికీ కంపెనీ క్యామ్‌తోనే ఉండిపోవాలి కదా.

బొబ్బిలి కోట, బొబ్బిలి:

మీ ఎస్టీమ్‌కు అది కుదిరిందంటే నేను నమ్ముతాను. అయితే అది 1298 సీసీ, సిలిండరుకు నాలుగు వాల్వులు, పెట్రోలు ఇంజెక్షన్, దానికి తోడు ఎక్కువ కంప్రెషన్. అంబాసిడర్‌ది పుష్‌రాడ్ ఇంజన్ (కింద బ్లాకులోని క్యామ్ పొడవాటి కడ్డీలు, రాకర్ల ద్వారా పైన హెడ్డులోని వాల్వులను తెరిచేది), బోరు 73.025 మి.మీ., స్ట్రోకు 88.9 మి.మీ., కంప్రెషన్ తక్కువ. ఒకే క్యామ్ అంకె ఈ రెండింటి మీద ఒకేలా పనిచేయదు. ఎందుకో లెక్కతో చూపిస్తాను, కాస్త ఓపికగా చదవండి.

పిస్టన్ అడుగుకు చేరి తిరిగి పైకి బయలుదేరిన తరువాత కూడా ఇన్లెట్ వాల్వు కొంతసేపు తెరిచే ఉంటుంది. అది మూసుకునే వరకు సిలిండరులో నిజమైన కంప్రెషన్ మొదలు కాదు. తక్కువ వేగంలో, అప్పటివరకు లోపలికి వచ్చిన మిశ్రమంలో కొంత భాగం తిరిగి మానిఫోల్డులోకి నెట్టబడుతుంది. ఎక్కువ వేగంలో మాత్రం లోపలికి దూసుకువచ్చే గాలికి ఉన్న వేగమే దాన్ని ఆపుతుంది, పైగా ఇంకాస్త నింపుతుంది. ఆలస్యంగా మూసే క్యామ్‌కు పైవేగంలో వచ్చే బలం అదే.

ఈ ఇంజన్ కనెక్టింగ్ రాడ్ పొడవు ఆరున్నర అంగుళాలు, అంటే 165.1 మి.మీ. ఇన్లెట్ వాల్వు బీడీసీ (పిస్టన్ పూర్తిగా అడుగున ఉండే స్థానం) తరువాత 45 డిగ్రీలకు మూసుకుంటే, ఆ క్షణంలో పిస్టన్ పైకి వెళ్లవలసిన దూరం ఇంకా 78.9 మి.మీ. ఉంటుంది. 56 డిగ్రీలకు మూసుకుంటే 73.5 మి.మీ. మిగులుతుంది. 65 డిగ్రీలకు 68.2, 70 డిగ్రీలకు 65.0. ఇప్పుడు మీ ఇంజన్ కంప్రెషన్ నిష్పత్తి (పిస్టన్ అడుగున ఉన్నప్పటి చోటుకూ పైన ఉన్నప్పటి చోటుకూ నిష్పత్తి) 7.2 అనుకుందాం. కంపెనీ తరహా 45 డిగ్రీల క్యామ్‌తో ఇంజన్ నిజంగా అనుభవించే కంప్రెషన్ సుమారు 6.5. అదే ఇంజన్‌లో 56 డిగ్రీలకు మూసే క్యామ్ పెడితే 6.1కి, 65 అయితే 5.8కి, 70 అయితే 5.5కి పడిపోతుంది. సాధారణంగా 280 డిగ్రీల క్యామ్ 70 ప్రాంతంలోనే మూస్తుంది. 5.5 కంప్రెషన్‌తో, నలుగురు మనుషులతో ఘాటు ఎక్కడం ఎలా ఉంటుందో సాలూరు మిత్రుడిని అడగనక్కరలేదు.

కనుక రోడ్డు బండికి క్యామ్ ఎంచుకునేటప్పుడు మొదట చూడవలసింది మొత్తం డిగ్రీలు కాదు, ఇన్లెట్ మూసుకునే క్షణం. ఆ తరువాతే మిగిలినవి.

గంటస్తంభం నీడ, విజయనగరం:

బొబ్బిలి మాస్టారికి కృతజ్ఞతలు. ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. అయితే నాకు తగిన క్యామ్ ఏది? కంపెనీ క్యామ్‌కూ 280కీ మధ్యలో ఏదైనా ఉందా? పరిచయస్తుడిని నాలుగు అంకెలు అడిగాను. అమర్చాక కొలిచి చెబుతానని సమాధానం వచ్చింది.

నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం:

మధ్యలో ఒకటి ఉంది, అది ఈ ఇంజన్ బంధువుల్లోనే ఉంది. అంబాసిడర్ 1489 సీసీ ఇంజన్ బ్రిటన్‌లోని బీఎంసీ వారి బీ సిరీస్ కుటుంబానికి చెందినది. 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారులోనూ మొదట ఇదే 1489 సీసీ ఇంజన్ ఉండేది. 1962లో వచ్చిన ఎంజీబీలో అదే కుటుంబపు 1798 సీసీ ఇంజన్ వాడారు. ఎంజీబీ క్యామ్ అంకెలు 16, 56, 51, 21. అంటే ఇన్లెట్ టీడీసీకి (పిస్టన్ పూర్తిగా పైన ఉండే స్థానానికి) 16 డిగ్రీల ముందు తెరుచుకుని బీడీసీ తరువాత 56 డిగ్రీలకు మూసుకుంటుంది. ఎగ్జాస్ట్ బీడీసీకి 51 డిగ్రీల ముందు తెరుచుకుని టీడీసీ తరువాత 21 డిగ్రీలకు మూసుకుంటుంది. రెండూ 252 డిగ్రీలే. రెండు వాల్వులూ కలిసి తెరిచి ఉండే ఓవర్‌ల్యాప్ 37 డిగ్రీలు. ఆ కాలంలో బీఎంసీ కుటుంబ కార్ల క్యామ్‌లు ఎంత మెత్తగా ఉండేవో తెలియాలంటే 948 సీసీ మోరిస్ మైనర్ చూడండి: 5, 45, 40, 10, అంటే 230 డిగ్రీలు, ఓవర్‌ల్యాప్ 15 మాత్రమే. అంబాసిడర్ క్యామ్ కూడా ఆ మెత్తని తరహాదే. మీది సరిగ్గా ఎంతో డిగ్రీ చక్రం (క్రాంకుకు బిగించే, డిగ్రీలు గుర్తించిన పళ్లెం) పెట్టి కొలిచి రాసుకోండి. తరువాత పోల్చుకోవడానికి అదే మీకు ఆధారం.

బొబ్బిలి వారు చెప్పిన దానికి మరొక కారణం చేర్చాలి. అది ఈ హెడ్డుకే ప్రత్యేకమైన విషయం. బీ సిరీస్ హెడ్డులో నాలుగు సిలిండర్లకు ఇన్లెట్ దారులు రెండే ఉంటాయి. ఒకటి, రెండు సిలిండర్లు ఒక దారిని పంచుకుంటాయి. మూడు, నాలుగు మరొక దారిని పంచుకుంటాయి. ఫైరింగ్ వరుస 1-3-4-2. కనుక మూడో సిలిండరు పీల్చడం ముగించే సమయానికే నాలుగోది అదే దారి నుంచి పీల్చడం మొదలుపెడుతుంది. మూడోదాని బీడీసీ, నాలుగోదాని టీడీసీ ఒకే క్షణంలో వస్తాయి. అందువల్ల ఆ రెండు ఇన్లెట్ వాల్వులూ ఎంతసేపు కలిసి తెరిచి ఉంటాయో తెలుసుకోవడానికి, ఇన్లెట్ ముందుగా తెరుచుకునే డిగ్రీలనూ ఆలస్యంగా మూసుకునే డిగ్రీలనూ కలిపితే చాలు. 5, 45 క్యామ్‌తో 50 డిగ్రీలు. ఎంజీబీ క్యామ్‌తో 72. 280 డిగ్రీలిచ్చే 30, 70 క్యామ్ పెడితే 100. ఆ సమయమంతా ఒకే దారి కోసం రెండు సిలిండర్లు పోటీపడతాయి. తక్కువ వేగంలో మిశ్రమం సమానంగా అందదు, ప్లగ్గుల రంగులో తేడా వస్తుంది, ఐడ్లింగ్ కుదురుకోదు. విడివిడి దారులున్న ఎస్టీమ్ హెడ్డులో ఈ చిక్కే లేదు. ఏడురోడ్ల మిత్రుడి అనుభవం ఇక్కడ వర్తించకపోవడానికి అసలు కారణం ఇదేనని నా అభిప్రాయం.

ఏడురోడ్ల కుర్రాడు, శ్రీకాకుళం:

దారుల సంగతి నాకు నిజంగా తెలియదు. ఒప్పుకుంటున్నాను. అయితే ఎంజీబీ క్యామ్ పెట్టినా బొబ్బిలి వారి లెక్క ప్రకారం కంప్రెషన్ 6.5 నుంచి 6.1కి పడుతుంది కదా. అప్పుడు ఘాటులో కంపెనీ క్యామ్ కంటే అదీ వెనకబడాలి.

బొబ్బిలి కోట, బొబ్బిలి:

సరైన ప్రశ్న. క్యామ్ ఒక్కటే మార్చి వదిలేస్తే కింది వేగంలో కొంత నష్టం తప్పదు. అందుకే క్యామ్‌తోపాటు కంప్రెషన్ కూడా పెంచాలి. ఒక్కో సిలిండరు పరిమాణం 372 సీసీ. నిష్పత్తి 7.2 అయితే పిస్టన్ పైన మిగిలే చోటు మొత్తం 60 సీసీ. 56 డిగ్రీలకు మూసే క్యామ్‌తో మళ్లీ పాత 6.5 రావాలంటే నిష్పత్తి సుమారు 7.7 ఉండాలి, అంటే ఆ 60 సీసీని దాదాపు 56కు తగ్గించాలి. 8.0కి తీసుకువెళితే నిజ కంప్రెషన్ 6.8 అవుతుంది, అప్పుడు కింది వేగంలోనూ కంపెనీ ఇంజన్ కంటే మెరుగ్గా లాగుతుంది.

ఇంజన్ దించుతున్నారు కనుక బోరు ఎలాగూ చూపిస్తారు. 40 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) ఓవర్‌సైజు వేయవలసి వస్తే, అంటే 1.016 మి.మీ., అదే 60 సీసీ చోటుతో నిష్పత్తి దానంతట అదే 7.4 దగ్గరికి చేరుతుంది. మిగిలినది హెడ్డు ఫేసింగులో రాబట్టవచ్చు. అయితే ఇక్కడ తొందర పడవద్దు. సిలిండరు వైశాల్యమే 42 చదరపు సెంటీమీటర్లు. హెడ్డులోని గది నోరు అంతకంటే చిన్నది. కనుక ఒక మిల్లీమీటరు కోస్తే తగ్గేది 4 సీసీ కంటే తక్కువే. 8.0 కోసం లోతుగా కోయించి నీళ్ల గది వరకు పలచన చేసుకోవద్దు. బ్యూరెట్‌తో ఒక్కొక్క గదినీ కొలిచి, గాస్కెట్ మందం, పిస్టన్ తలలోని గుంట లెక్కలోకి తీసుకుని ఆ తరువాతే లేత్ వారికి అంకె చెప్పండి. 7.7, 7.8 వచ్చినా సంతృప్తి పడవచ్చు.

సాలూరు ఘాటు, సాలూరు:

కంప్రెషన్ పెంచితే నాక్ (మిశ్రమం తనంతట తాను పేలి వచ్చే టకటక చప్పుడు) కొట్టదా అని కొందరు భయపడతారు. ఈ ఇంజన్ పుట్టిన నాటి పెట్రోలు వేరు. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు ఆక్టేన్ ఎక్కువ, 8 లోపు నిష్పత్తికి అది ఇబ్బంది కాదు. ఇబ్బంది మరోచోట ఉంది. ఇథనాల్ దహనానికి తక్కువ గాలి కావాలి, కనుక పాత నీడిల్‌తో (కార్బురేటర్‌లో పెట్రోలు పాళ్లు నిర్ణయించే సూదితో) మిశ్రమం పలచబడుతుంది. క్యామ్ మార్చిన తరువాత ఎస్‌యూ నీడిల్ ఎలాగూ మార్చాలి. రెండు సవరణలూ ఒకేసారి చేయించండి. పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రమ్ కూడా ఇథనాల్‌కు తట్టుకునేవి వేయించండి.

మరొకటి. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి సీసం కలిపిన పెట్రోలు లేదు. ఆ పాత ఇనుప హెడ్డులో ఎగ్జాస్ట్ సీట్లు గట్టిపరచినవి కాకపోతే, సీసం రక్షణ లేక క్రమంగా లోపలికి అరిగిపోతాయి. మీ రెండు సిలిండర్లలో కంప్రెషన్ పోవడానికి అదే కారణమై ఉండవచ్చు. హెడ్డు విప్పాక ముందు సీట్లు చూడండి. వాటికి గట్టి సీటు రింగులు వేయించడం క్యామ్ కంటే ముందు చేయవలసిన పని.

గంటస్తంభం నీడ, విజయనగరం:

హెడ్డు విప్పించాను. సాలూరు వారు ఊహించినట్లే రెండు ఎగ్జాస్ట్ సీట్లు లోపలికి దిగిపోయి ఉన్నాయి. రింగులు వేయిస్తున్నాను. చైన్ బాగా సాగింది. ఇక క్యామ్ విషయంలో ఎంజీబీ అంకెల వైపు మనసు మొగ్గుతోంది. ఎంజీబీ క్యామ్ తెప్పించాలా, లేక నా క్యామ్‌నే రీగ్రైండ్ (కొత్త ఆకారానికి తిరిగి కోయడం) చేయించాలా?

ఆటోనగర్ పాతకాపు, విశాఖపట్నం:

ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నాను, ఈ ప్రశ్న నా వృత్తికి సంబంధించినది కనుక సమాధానం ఇస్తాను. విదేశం నుంచి తెప్పించే క్యామ్ కొనే ముందు, పాత క్యామ్‌తో పక్కపక్కన పెట్టి పోల్చి చూడాలి. బేరింగ్ జర్నళ్లు, డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పే పళ్లు, ఆయిల్ పంపును తిప్పే పళ్లు, ముందువైపు తాళం గాడి, ఇవన్నీ కలవాలి. ఒకే కుటుంబమైనా సంవత్సరాలు గడిచేకొద్దీ మార్పులు జరిగాయి. అవి కలుస్తాయని ఫోనులో ఎవరు చెప్పినా నమ్మవద్దు.

మీ క్యామ్ ఆరోగ్యంగా ఉంటే దానినే రీగ్రైండ్ చేయించడం సులువు, ఖర్చూ తక్కువ. అయితే అది మామూలు లేత్ మీద జరిగే పని కాదు. మాస్టర్ నమూనా పెట్టి దాని ప్రకారం లోబు (వాల్వును లేపే క్యామ్ ఉబ్బు) ఆకారాన్ని కోసే క్యామ్ గ్రైండింగ్ యంత్రం కావాలి. కోయంబత్తూరులో రేసింగ్ ఇంజన్లు చేసేవారి దగ్గర అది ఉంటుంది. పంపేటప్పుడు 16, 56, 51, 21 అని రాసి పంపండి. ఏ ట్యాపెట్ గ్యాప్ దగ్గర ఈ అంకెలు కావాలో కూడా రాయండి. లేకపోతే వారు తమ నమూనాల్లో దగ్గరగా ఉన్నదేదో కోసి పంపుతారు.

రీగ్రైండ్‌లో ఒక సంగతి గుర్తుంచుకోవాలి. లోబు ఎత్తును పైన పెంచరు, చుట్టూ ఉన్న వృత్తాన్ని కిందికి కోసి ఎత్తు తెస్తారు. అందువల్ల ట్యాపెట్ మునుపటి కంటే కిందికి కూర్చుంటుంది, ఆ తేడా రాకర్ స్క్రూ సర్దుబాటులో పడుతుంది. మరోవైపు హెడ్డు ఫేసింగ్ చేయిస్తే రాకర్లు కిందికి దిగి, తేడా ఎదురు దిశలో పడుతుంది. రెండూ కొంత రద్దవుతాయి కాని పూర్తిగా కావు. వాల్వు సగం లేచినప్పుడు రాకర్ కొన వాల్వు కాడ మధ్యలో ఉందో లేదో చూసి, అవసరమైతే పుష్‌రాడ్ పొడవు మార్చాలి. చాలామంది ఇది చూడరు. తరువాత గైడులు ఒకవైపే అరిగిపోయాయని బాధపడతారు.

కోసిన తరువాత లోబు ఉపరితలం గట్టిదనం పరీక్షించాలి, ఫాస్ఫేట్ పూత వేయించాలి. ట్యాపెట్లు కొత్తవి వేయాలి, లేదా పాతవాటి ముఖాలను తిరిగి గ్రైండ్ చేయించాలి. పాత ముఖాలను కొత్త లోబు మీద పెడితే రెండూ పాడవుతాయి. ఈ ట్యాపెట్ ముఖం చూడటానికి చదునుగా ఉన్నా నిజానికి అతి స్వల్పంగా ఉబ్బి ఉంటుంది. దానివల్లే నడుస్తున్నప్పుడు తన చుట్టూ తాను తిరుగుతూ అరుగుదలను అంతటా పంచుకుంటుంది. ఈ ఇంజన్‌లో ఒక సౌకర్యం ఉంది: బ్లాకు పక్కన ఉన్న మూతలు తీస్తే ట్యాపెట్లు చేతికి అందుతాయి. తరువాత ఎప్పుడైనా అనుమానం వస్తే ఇంజన్ దించకుండానే వాటి ముఖాలు చూసుకోవచ్చు.

స్ప్రింగులు కూడా మరచిపోవద్దు. కొత్త ఎత్తుకు వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు స్ప్రింగు చుట్టలు ఒకదానికొకటి ఆనకూడదు. చుట్టలన్నీ కలిపి కనీసం ఒకటిన్నర మి.మీ. ఖాళీ మిగలాలి. రిటైనరుకూ గైడు తలకూ మధ్య కూడా అంత ఖాళీ ఉండాలి. అవసరం లేకుండా గట్టి స్ప్రింగులు పెట్టడం మాత్రం తప్పు. ఈ తరహా క్యామ్‌కు మంచి స్థితిలో ఉన్న స్ప్రింగులు చాలు, గట్టివి పెడితే లోబు మీద భారం పెరగడం తప్ప ఫలితం ఉండదు.

గంటస్తంభం నీడ, విజయనగరం:

మాస్టారూ, ధన్యవాదాలు. ఆయిల్ ఏది వాడాలి? కొత్త క్యామ్ మొదటిసారి నడిపేటప్పుడు జాగ్రత్తలు ఏమిటి?

ఆటోనగర్ పాతకాపు, విశాఖపట్నం:

ట్యాపెట్ లోబు మీద జారుతూ నడిచే ఇంజన్లకు ఆయిల్‌లో జింకు సమ్మేళనం కావాలి. కొత్త కార్ల కోసం చేసే పలచని 5డబ్ల్యూ-30 వంటి నూనెలలో, కాటలిటిక్ కన్వర్టరుకు హాని కలగకుండా దానిని తగ్గించారు. మీకు అవి వద్దు. మంచి 20డబ్ల్యూ-50 గాని, డీజిల్ ఇంజన్లకు వాడే సీఐ-4 తరగతి 15డబ్ల్యూ-40 గాని పోయండి.

లోబులకూ ట్యాపెట్ ముఖాలకూ మాలిబ్డినం పేస్టు పూయండి. స్టార్టు చేయడానికి ముందే ఆయిల్ ప్రెషరు వచ్చేలా ప్లగ్గులు తీసి సెల్ఫుతో తిప్పండి. టైమింగ్, పెట్రోలు, నీళ్లు అన్నీ సిద్ధంగా ఉంచుకుని, ఇంజన్ అంటుకున్న వెంటనే 2,000 నుంచి 2,500 మధ్యకు తీసుకువెళ్లి 20 నిమిషాలు ఆ ప్రాంతంలోనే కొద్దిగా మారుస్తూ ఉంచండి. ఐడ్లింగ్‌లో వదలవద్దు. లోబుకు నూనె చేరేది ఎక్కువగా క్రాంకు విసిరే తుంపర వల్ల. ఐడ్లింగ్‌లో ఆ తుంపర చాలదు. ఆ తరువాత ఇంజన్ ఆపి, నూనె, ఫిల్టరు మార్చి, ట్యాపెట్ గ్యాప్ మళ్లీ సరిచూడండి. ఈ 20 నిమిషాల్లో జరిగిన అశ్రద్ధను తరువాత ఏ నూనే బాగుచేయదు.

నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం:

పొల్యూషన్ సర్టిఫికెట్ సంగతి ఎవరూ ప్రస్తావించలేదు. 2000 మార్చి 31కి ముందు తయారైన పెట్రోలు కార్లకు ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్లు 1,500 పీపీఎం లోపు ఉండాలి. ఓవర్‌ల్యాప్ పెరిగేకొద్దీ ఐడ్లింగ్‌లో కాలని పెట్రోలు నేరుగా సైలెన్సరులోకి పోతుంది, హైడ్రోకార్బన్ల అంకె పెరుగుతుంది. 37 డిగ్రీల ఓవర్‌ల్యాప్‌తో నీడిల్, ఇగ్నిషన్ సరిగా ఉంటే ఈ పరిమితి లోపల ఉండటం కష్టం కాదు. 60 డిగ్రీలతో అయితే ప్రతిసారీ పరీక్ష దగ్గర తంటాలు పడవలసిందే. పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ కూడా ఉంటుంది కనుక దీనిని తేలికగా తీసుకోవద్దు.

గంటస్తంభం నీడ, విజయనగరం:

నిర్ణయం తీసుకున్నాను. 280 తీసుకోవడం లేదు. నా క్యామ్‌నే ఎంజీబీ అంకెలకు రీగ్రైండ్ చేయించడానికి పంపుతున్నాను. 40 థౌ బోరు, గట్టి ఎగ్జాస్ట్ సీట్లు, కంప్రెషన్ 7.7 లక్ష్యం. చివరి సందేహం ఒకటి: చైన్ కొత్తది వేస్తున్నప్పుడు క్యామ్‌ను నాలుగు డిగ్రీలు ముందుకు జరపమని మా మెకానిక్ అంటున్నాడు. ఘాటులో లాగుడు పెరుగుతుందట. చేయించాలా?

బొబ్బిలి కోట, బొబ్బిలి:

ఆయన చెప్పినదానిలో నిజం ఉంది. ముందుకు జరిపితే నాలుగు అంకెలూ మారి 20, 52, 55, 17 అవుతాయి. ఇన్లెట్ 52 డిగ్రీలకే మూసుకుంటుంది కనుక, పాత 7.2 నిష్పత్తితోనే నిజ కంప్రెషన్ 6.1 నుంచి దాదాపు 6.3కి పెరుగుతుంది. అయితే మీరు నిష్పత్తిని 7.7కి తెస్తున్నారు. అప్పటికే పోయినది తిరిగి వచ్చేసింది కదా, ఇంకా ముందుకు జరిపితే 80 దగ్గర మీరు కోరుకున్న ఊపిరిలోంచి కొంత కోసుకున్నట్లవుతుంది.

నేనైతే మొదట ఉన్నది ఉన్నట్లు అమర్చి, డిగ్రీ చక్రంతో కొలుస్తాను. మొదటి పిస్టన్‌ను స్టాపర్‌తో రెండు వైపుల నుంచీ ఆపి, వచ్చిన రెండు అంకెల సరిగ్గా మధ్యలో టీడీసీ గుర్తించండి. డయల్ గేజిని పుష్‌రాడ్ మీద పెట్టి, శిఖరానికి అటూ ఇటూ ఒకే ఎత్తు ఉన్న రెండు చోట్ల డిగ్రీలు రాసుకుని సగటు తీయండి. ఎంజీబీ అంకెల ప్రకారం ఇన్లెట్ శిఖరం టీడీసీ తరువాత 110 డిగ్రీల దగ్గర రావాలి. 108 నుంచి 110 మధ్య వస్తే ముట్టుకోవద్దు. 113, 114 వచ్చిందంటే గ్రైండింగులోనో చక్రం పళ్లలోనో తేడా ఉంది; అప్పుడు ఆఫ్‌సెట్ తాళంతో (చక్రాన్ని కొద్దిగా పక్కకు జరిపి పట్టే తాళం) సరిచేయండి.

ఆటోనగర్ పాతకాపు, విశాఖపట్నం:

బొబ్బిలి వారితో ఏకీభవిస్తున్నాను. ఒక చేర్పు మాత్రం. పంపడానికి ముందు మీ పాత క్యామ్ అంకెలు కూడా ఇలాగే కొలిచి ఉంచుకోండి, రీగ్రైండ్ తరువాత అది మీ చేతిలో ఉండదు. అలాగే ఇగ్నిషన్ డిస్ట్రిబ్యూటర్ అడ్వాన్స్ బరువులు తుప్పు పట్టి ఉంటే శుభ్రం చేయించండి. కంప్రెషన్ పెరిగాక స్థిర టైమింగ్‌ను రెండు డిగ్రీలు వెనక్కి పెట్టి మొదలుపెట్టి, మూడో గేరులో ఎత్తు ఎక్కిస్తూ నాక్ వినిపించకుండా ఉన్నంతవరకు ముందుకు తెచ్చుకోండి.

గంటస్తంభం నీడ, విజయనగరం:

అలాగే చేస్తాను. పాత క్యామ్ కొలతలు ఈ ఆదివారం తీసి ఇక్కడే రాస్తాను. దానిని బట్టి గ్రైండింగ్ వారికి ట్యాపెట్ గ్యాప్ ఎంత అని రాయాలో చెప్పగలరు.